పెంకులు దించిన చేతులు

టెండరు కవరుకి నాలుగు మూలలా లక్క కరిగించి ముద్రలేసి, వరహాలు దాన్ని ట్రంకుపెట్టె అడుగున దుప్పటి కింద దాచి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. లోపల ఏ రేటు రాశాడో అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలియనివ్వకూడదని అతనికి నేర్పినవాడు, చైనాలో రెండువేల ఏళ్ళకి ముందెప్పుడో సైన్యాలు నడిపిన ఒక సేనాని.

ఆ సేనాని కూర్మన్నపాలెం దాకా ఓడ మీద వచ్చాడు. హార్బరులో దిగిన ఎవరో నావికుడు పాత పుస్తకాల మూటొకటి వన్‌టౌన్లో కరీం బాషా దుకాణంలో పడేసి పోయాడు. కరీం బాషా పుస్తకాలకి అట్టలు కుట్టి బతికేవాడు. ఆ మూటలో అట్టా, మొదటి పేజీలూ లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కనబడితే, డిగ్రీ చదివే రోజుల నుంచీ తన దగ్గర పాత పుస్తకాలు కొనుక్కుపోయే వరహాలుకి తీసిచ్చాడు. ఇది ఎవరో చైనా సేనాని యుద్ధం గురించి రాసిందే గానీ, బక్కోడు బలిసినోడి ముందు ఎలా నిలబడాలో ఎక్కువ చెప్పాడు, నీకు పనికొస్తది బేటా, అన్నాడు. శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ల గొడవలు చల్లారి ఏళ్ళు గడిచినా, చైనా అన్న మాట వినబడితే బస్సులో నలుగురూ వెనక్కి తిరిగి చూడడం ఇంకా పోలేదు. అందుకని కరీం బాషా తన దగ్గర మిగిలిపోయిన అట్ట ఒకటి తీసి ఆ పుస్తకానికి కుట్టేశాడు. అట్ట మీద 'పశుపోషణ' అని ఉంది.

అలా రెండేళ్ళుగా వరహాలు పశుపోషణ చదువుతున్నాడని కాలనీ అంతా అనుకునేది. గేదె ఒక్కటీ లేనోడికి ఈ చదువేటని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

డిగ్రీ ప్యాసైనవాడు వాళ్ళ ఇంట్లోనే కాదు, ఊళ్ళోనే అతనొక్కడు. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయినప్పుడు ఊరు ఊరంతా లేచి కూర్మన్నపాలెం అవతల కాలనీలో పడింది. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. రాని అరవై రెండు కుటుంబాలు కలిసి కూలీల సహకార సంఘం పెట్టుకుని, చదువుకున్నవాడని వరహాలుని సెక్రటరీ చేశారు. ఇన్నేళ్ళలో సంఘానికి దొరికినవి గడ్డి కోతలు, కాలవ తవ్వకాలు. 1983 మార్చి లోపల చెప్పుకోదగ్గ పని ఒకటైనా చూపించకపోతే సంఘం రద్దవుతుందని నోటీసు వచ్చింది. రద్దయితే అరవై రెండు కుటుంబాలూ ఏదో ఒక కంట్రాక్టరు మేస్త్రీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అదీ ఒకప్పటి తమ పొలాల్లోనే.

సరిగ్గా అప్పుడు ఇటుకల టెండరు పడింది. ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే బట్టీలు కట్టడానికి వేరే దేశం నుంచి ఓడల మీద అగ్గి ఇటుకలు వస్తున్నాయి. ఓడలోంచి దించడం పోర్టు కలాసీల పని. పోర్టు షెడ్డులో ఫ్యాక్టరీ లారీలకెక్కించి, ఫ్యాక్టరీ గోడౌన్లో దించి పేర్చేవరకూ ఈ టెండరు. ఇలాంటి పనులన్నీ శ్రీరామ్మూర్తికే పోయేవి. ఆయనకి మద్దిలపాలెంలో మేడమీద ఆఫీసు, పన్నెండు లారీలు, ఒక క్రేను ఉన్నాయి. ఎవరి రేటు ఎంతో కవర్లు విప్పకముందే ఆయనకి తెలిసిపోతుందని పేరు.

వరహాలు సేనాని చెప్పిన వరసలోనే మొదలుపెట్టాడు. ముందు కళ్ళతో చూసి రావాలన్నాడు గనక, తలకి తువ్వాలు చుట్టుకుని శ్రీరామ్మూర్తి కూలీల్లో కలిసి, అంతకుముందు వచ్చిన ఓడ సరుకు మూడు రోజులు మోశాడు. బి.కాం. గారు ఇటుకలు మోస్తన్నారని మేస్త్రీ ఎకసెక్కాలాడితే ఆడనిచ్చాడు. లారీ వెనక తలుపు దించి, కంకర పోసినట్టు ఇటుకలు పోయడం చూశాడు. గోడౌన్ వెనక పగిలిన ఇటుకల గుట్ట రోజురోజుకీ పెరగడం చూశాడు. చూశాడుగానీ, ఆ గుట్ట తనతో ఏం చెబుతోందో అతనికి తట్టలేదు. ఇంటికొచ్చి శ్రీరామ్మూర్తి వేస్తాడనుకున్న దానికంటే తక్కువ రేటు కట్టాడు. అంత తక్కువ కావాలంటే కూలి కొయ్యక తప్పలేదు. కోశాడు. పని చేతికొస్తే తర్వాత చూసుకోవచ్చని తనకి తనే చెప్పుకుని, లక్క కరిగించాడు.

ఆదివారం కాలనీ బడి పాకలో సంఘం కూడింది. ప్రెసిడెంటు గురునాథరావు వరహాలు అక్క మొగుడే. చెడ్డవాడు కాదు, తిరిగి తిరిగి అలిసిపోయినవాడు. సంఘం టెండరు వెయ్యకుండా ఊరుకుంటే తన ఇద్దరు కొడుకులకీ గోడౌన్ దగ్గర కాపలా పని ఇస్తానని శ్రీరామ్మూర్తి కబురు పెట్టిన సంగతి దాచకుండా అందరి ముందూ చెప్పేశాడు. "ఆడితో మనకెందుకు బావా పోటీ, వొగ్గేద్దారి," అని వరహాలు వైపు తిరిగాడు. వరహాలు ఒప్పుకోలేదు. కవరు తయారైందని, ఎల్లుండి టెండరు పెట్టెలో వేసి రావడమే మిగిలిందని చెప్పాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి నూకాలు అడిగింది. ఆడకూలీల జట్టుకి ఆవిడే పెద్ద. వరహాలుకి మేనత్త వరస.

"కవరు తెచ్చినావేట్రా?"

తెచ్చానన్నాడు.

"అయితే సదువు."

చదవకూడదని అతను ఓపిగ్గా వివరించాడు. ఇక్కడ చదివితే సాయంత్రానికి శ్రీరామ్మూర్తి చెవిలో పడుతుంది, టెండరంటేనే గుట్టు, గెలిచాక అంతా చెప్తాను అన్నాడు. నడిపించేవాడికి దారి తెలిస్తే చాలు, నడిచేవాళ్ళకి ముందే తెలియక్కర్లేదని కూడా అన్నాడు. అది పుస్తకంలో తను నేర్చుకున్నది.

నూకాలు లేచి నిలబడి కొంగు నడుముకి దోపుకుంది.

"భూముల కాయితాల కాడా ఇదే మాట ఇన్నాం నాయినా. కాయితంలో ఏటుందో తరవాత తెలుత్తాది, ముందు ఏలెయ్యండి అన్నారు. ఏలేసినాం. ఊరెల్లిపోనాది. ఇప్పుడు నువ్వూ అదే మాటంతన్నావు. నీకు సదువెందుకు సెప్పించినామనుకున్నావు? మాకు సదివి ఇనిపిత్తావనీసి."

 వరహాలు చేతిలో కవరు తిప్పి చూశాడు. సేనాని పుస్తకంలో రెండు చోట్ల అతను ఎర్రపెన్సిలుతో గీతలు గీశాడు. ఒకచోట, నీ ఎత్తు నీ మనుషులకి కూడా తెలియనివ్వకు అన్నట్టుంది. ఇంకోచోట, పైవాడూ కిందివాడూ ఒకటే కోరుకున్న సైన్యానికి ఎదురు లేదన్నట్టుంది. రెండిటికీ ఒకే పెన్సిలుతో, ఒకే శ్రద్ధతో గీశాడు. ఆ రెండూ ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటాయని రెండేళ్ళలో ఒక్కసారైనా తోచలేదు. వీళ్ళని ముందు పెట్టుకుని ఇప్పుడు తోచింది. సేనాని సైనికుల్ని ఎక్కడినుంచో తోలుకొచ్చి ఉంటాడు. వీళ్ళు వేలిముద్రలేసి ఊరు పోగొట్టుకున్నవాళ్ళు.

అతను కవరు లక్క పగలగొట్టాడు. తాను చేసిన తప్పు తానే గట్టిగా చదువుతున్నట్టుగా, ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదివాడు.

కూలి రేటు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో, దీంతో గంజి తాగడానికి కుండ కూడా రాదన్నారు. కొందరు నవ్వారు, అతని ముఖం చూసి మానేశారు. గురునాథరావు, నాను ముందే సెప్పినాను గదా అన్నట్టు తల పంకించాడు. నూకాలు మాత్రం, ఆగిపోయావేం, అడుగుదాకా చదవమంది. చదివాడు. ఫ్యాక్టరీ వాళ్ళ షరతుల్లో తొమ్మిదోది, ఇటుకలు నూటికి అయిదు దాకా విరిగితే కంట్రాక్టరుని అడగరని ఉంది.

"అంటే?"

"వంద ఇటకల్లో అయిదు పగిలినా పరవాలేదని, అత్తా."

"శ్రీరామ్మూర్తి ఎన్ని పగలగొడతన్నాడు?"

అప్పుడు వరహాలుకి గోడౌన్ వెనక గుట్ట కళ్ళముందు నిలిచింది. ఎనిమిదికి తక్కువ ఉండవని, అయిదు దాటినవి ఓడలోనే పగిలాయని రాయిస్తాడని అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ ఇటుకలు ఇంటి ఇటుకల్లాంటివి కావు. ఒక్కోటి ఒక్కో ఆకారం, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. ఒక నంబరు ఇటుక తక్కువైతే గోడ అక్కడే ఆగిపోతుంది. దాని బదులు ఇంకోటి ఓడ మీద రావడానికి నెలలు పడుతుంది.

నూకాలు పకాలుమని నవ్వింది. నవ్వి, గురునాథరావుని అడిగింది. "ఒరే, మన ఊరిప్పుకుని వొచ్చినప్పుడు ఎన్ని పెంకులు పగిలినాయిరా?"

 అది ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. పాకలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ పని చేసినవాళ్ళే. ఊరు ఖాళీ చెయ్యమన్నప్పుడు గోడలు తెచ్చుకోలేరు, నుయ్యి తెచ్చుకోలేరు. పెంకులు తెచ్చుకోగలరు. ఒక్కో ఇంటి కప్పూ విప్పి, పైనుంచి కిందికి, కిందనుంచి బండి దాకా వరసగా నిలబడి చేతికి చేయి అందించుకున్నారు. బండ్లలో ఆఖరి పంట గడ్డి మెత్తగా పరిచి, పెంకుల్ని పడుకోబెట్టకుండా నిలువుగా, మధ్యలో వేలు దూరకుండా బిగించి సర్దారు. కేకల్లేవు. అందుకో అన్న మాట ఒకటే చివరినుంచి చివరికి నడిచింది. గుంతల రోడ్డు మీద బండి పక్కన నడుస్తూ ఆడవాళ్ళు గడ్డి సర్దుతూనే వచ్చారు. కొత్తవి కొనే స్తోమత లేదు గనక ఒక్కటి పగిలినా కప్పులో చిల్లే. వరహాలుకి అప్పుడు పదిహేడేళ్ళు, నూకాలు పక్కనే వరసలో నిలబడ్డాడు.

"మూడు పగిలినాయి," అంది నూకాలు, తనే జవాబు చెబుతూ. "ఊరు మొత్తానికీ మూడు. అందులో ఒకటి ఈ సెక్రటరీ గారే జారిడిసినారు."

ఈసారి పాకంతా నవ్వింది, వరహాలుతో సహా. నవ్వుతూనే అతనికి లోపల ఏదో గడియ తీసినట్టయింది. శ్రీరామ్మూర్తి ఎక్కడ బలంగా ఉన్నాడో తాను సరిగ్గా అక్కడికే వెళ్ళి తల కొట్టుకున్నాడు. కూలి కొయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన ఖాళీగా వదిలేసిన చోటు ఆ గుట్ట. సేనాని అదే చెప్పాడు. వరహాలు చదివాడు, గీత కూడా గీశాడు, గుట్ట పక్కనే మూడు రోజులు పనిచేసి ఇంటికొచ్చాడు.

అక్కడే కూర్చుని కొత్త టెండరు రాశారు. కూలి మనిషి బతికే కూలి. షరతు మాత్రం తమ సొంతది. విరిగినవి నూటికి ఒకటి దాటితే, పగిలిన ప్రతి ఇటుక ఖరీదూ సంఘం కట్టుకుంటుంది. ఇది నిమిషాల్లో శ్రీరామ్మూర్తికి తెలిసిపోతుందని ఎవరో గుర్తు చేశారు.

"తెలవనీ," అంది నూకాలు. "తెలిసి ఏటి సేత్తాడు? ఆడెప్పుడైనా పెంకులు దించినాడేటి?"

సంతకాలు వచ్చినవాళ్ళు సంతకాలు, రానివాళ్ళు వేలిముద్రలు, అరవై రెండూ పడ్డాయి. ఈసారి ప్రతి వేలూ విని పడింది. ఆఖర్న గురునాథరావు వచ్చాడు. పెన్ను అందుకున్నాడు. "మావోళ్ళ కాపలా ఉద్యోగం ఎల్లిపోనాదిరా బావా," అని, సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే శ్రీరామ్మూర్తి నుంచి కబురొచ్చింది. వరహాలు మద్దిలపాలెం వెళ్ళాడు, వెళ్తున్నట్టు అందరికీ చెప్పే వెళ్ళాడు. శ్రీరామ్మూర్తి కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ రేటు నాకు తెలుసు, షరతూ తెలుసు అన్నాడు. చదువుకున్నవాడివి, నా దగ్గర సూపర్‌వైజరుగా చేరమన్నాడు. కవరు పెట్టెలో వెయ్యకుండా ఊరుకుంటే చాలన్నాడు. వరహాలు వద్దన్నాడు. అయితే నేనూ అదే షరతు రాసుకుంటే నీ గతేమిటని అడిగాడు.

"రాసుకోండి బాబూ," అన్నాడు వరహాలు. "రాస్తే పగిలిన ఇటకలకి మీరు కట్టుకోవాల. రాయకపోతే, రాసినోళ్ళు మేమొక్కలమే. ఎలగైనా నాకు పర్వాలేదు."

శ్రీరామ్మూర్తి ముఖంలో మర్యాద కొంచెం సడలింది. కుర్చీలో వెనక్కి వాలి, నువ్వు ఇటుకలు మోసిన రోజుల్లోనే మా మేస్త్రీ నీ సంచి వెతికించాడు, పశుపోషణ అట్ట కింద ఏ దేశం పుస్తకం ఉందో నాకు తెలీదనుకోకన్నాడు. ఆ కాలనీలో చైనా పుస్తకాలు చదువుతున్నారని ఎవరైనా ఒక ముక్క రాసి పడేస్తే ఫ్యాక్టరీ గేటులో అడుగు పెట్టనిస్తారా అన్నాడు.

మొన్నటిదాకా అయితే ఆ మాటకి వరహాలు సంచి ఒళ్ళోకి లాక్కునేవాడే. ఆ పుస్తకాన్ని అతను ట్రంకులో దాచాడు, అట్టలో దాచాడు, రేటుని దాచినట్టే దాచాడు. దాచుకున్న ప్రతిదాని మీదా ఎవడో ఒకడు చెయ్యి వేసి బెదిరిస్తూనే ఉంటాడని ఆ కుర్చీలో కూర్చుని ఉండగా అతనికి అర్థమైంది. సంచిలోంచి పుస్తకం తీసి కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇదేనండి. తమరూ సదవండి. ఎర్రగీతలున్నకాడ కాస్త నిదానంగా సదవండి. నాను ఒకదగ్గర తప్పు సదివినాను."

మెట్లు దిగి బస్సెక్కి, తిన్నగా వన్‌టౌన్ వెళ్ళి కరీం బాషాకి జరిగింది చెప్పాడు. కరీం బాషా సూది ఆపి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. శత్రువుకి ఆయుధం ఇచ్చి వచ్చిన సిపాయిని నిన్నే చూస్తన్నాను బేటా, అని, పోనీలే ఇంగ్లీషు కదా, ఆయనకి అర్థం కావడానికి వానాకాలం దాకా పడుతుందన్నాడు.

కవర్లు విప్పిన రోజు స్టోర్సు ఆఫీసులో టెండరు వేసినవాళ్ళు ముగ్గురే. మూడో కవరు శ్రీరామ్మూర్తి బావమరిదిది కాబట్టి నిజానికి ఇద్దరే. అందరూ అనుకున్నట్టే శ్రీరామ్మూర్తి రేటు సంఘం రేటు కంటే తక్కువ. ఆయన వెనక నిలబడ్డ మేస్త్రీ వరహాలుని చూసి మీసం దువ్వుకున్నాడు. ఆఫీసరు బెజవాడ వైపు మనిషి, ఉద్యోగానికి కొత్త. సంఘం కాగితం తిరగేస్తూ షరతు దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. వెనక ఉన్న వేలిముద్రల కాగితాలు ఒక్కోటీ తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి, మీరు కూడా ఈ పూచీ ఒప్పుకుంటారా అని శ్రీరామ్మూర్తిని అడిగాడు.

సముద్రం మీద వచ్చిన మట్టి ఇటుకకి పూచీ ఎవరిస్తారండీ, ఇది తెలివితక్కువ రాత అన్నాడు శ్రీరామ్మూర్తి. ఆడవాళ్ళు తలల మీద మోసే సంఘమిది, ఒక ఓడతో మునిగిపోతుంది, అప్పుడు ఈ వేలిముద్రల్ని పట్టుకుని ఎవరిని అడుగుతారన్నాడు. ఆఫీసరు వరహాలు వైపు చూశాడు. ఆ మాటలో న్యాయముందన్నట్టే చూశాడు. గోడౌన్లో ఇప్పటికే పద్దెనిమిది నంబర్ల ఇటుకలు తక్కువ పడ్డాయని, పైవాళ్ళు తనని అడుగుతున్నారని, కాగితం మీద ఒకటి అని ఎవరైనా రాయగలరని అన్నాడు. ఏం చూసి నమ్మాలన్నాడు.

వరహాలు లెక్కలు చెప్పబోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నూకాలు ముందుకొచ్చింది. "మా ఇళ్ళ కప్పులు సూడండి బాబూ. ఇక్కడికి రెండు మైళ్ళు. సూసినాకే రాయండి."

ఆఫీసరు వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆ సాయంత్రం జీపు కాలనీలో ఆగింది. సిమెంటు ఇటుకల కొత్త గోడల మీద నల్లబడిన పాత పెంకులు, వరస తప్పకుండా, ఇంటి తర్వాత ఇల్లు. ఆఫీసరు వీధి పొడుగునా నడిచాడు. ఇవి ఎప్పటివని అడిగితే, ఊరు కట్టినప్పటివని, మా తాతలు చేయించారని చెప్పారు. ఇక్కడికి ఎలా తెచ్చారని అడిగితే ఒకరు చెప్పబోయి, ఒకరి మాటలో ఒకరు పడి, ఆఖరికి అందరూ వరసలో నిలబడి చూపించారు. ఆఫీసరు బూట్లు విప్పి నూకాలు ఇంటి నిచ్చెన ఎక్కాడు. కప్పు అంచున ఒక పెంకు మెల్లగా లాగి, తిప్పి చూశాడు. కింది వైపు దాన్ని చేసినవాడి వేళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి.

వచ్చే ఓడ సరుకు మీకే, రేపు ఆర్డరు పంపిస్తాను, అన్నాడు నిచ్చెన మీదనుంచే. నూటికి ఒకటి దాటితే తర్వాతి ఓడ మాత్రం మీది కాదు, ఆ మాట గుర్తుంచుకోండన్నాడు.

"గుర్తుంటాది. ముందు ఆ పెంకు కిందికి అందియ్యండి," అంది నూకాలు. "రెండు సేతుల్తోటీ. అది మా ఊరిది."

ఆఫీసరు వంగి రెండు చేతులతో అందించాడు. గురునాథరావు అందుకున్నాడు. అతని చేతుల్లోంచి వరహాలు చేతుల్లోకి వచ్చింది. ఎండకి ఇంకా వెచ్చగా ఉంది, అరచేతులకి గరుగ్గా తగిలింది. పక్కన నూకాలు అప్పటికే చేతులు చాపి నిలబడింది, అతని ముఖం వైపు కాదు, అతని వేళ్ళ వైపే చూస్తూ.